మేఘం బుడగ

సిరా వద్దంది. గొణగలేదు, నసగలేదు, తల దించుకుని కాలి బొటనవేలితో నేల రాయలేదు. కుంచె కడుక్కుంటూ, బుడగలాయన ముఖంలోకి చూసి మర్యాదగా చెప్పింది.

"వద్దండీ. మీరంటే నాకు గౌరవం. మీ పక్కన కూర్చుని పనిచెయ్యడం ఇష్టం. సినిమాకీ షికారుకీ మాత్రం వద్దు. అలాంటి ఉద్దేశం నాకు లేదు."

ఇంతకన్నా తేటగా ఎవరైనా ఏం చెబుతారు? నాలుగేళ్ల పిల్లాడికైనా అర్థమయ్యే మాట. కానీ బుడగలాయనకి నలభై దగ్గర పడుతోంది, పైగా సగం వయసు ప్రేమకథల మధ్యే గడిపాడు. అదీ వచ్చిన చిక్కు.

ఆ మేడ మీది ఆఫీసులో మనుషులు నలుగురే. వారం వారం వచ్చే ప్రేమకథల బొమ్మల పుస్తకం వాళ్ళది. కథా, పెన్సిలు బొమ్మా మాస్టారివి. ఆ పెన్సిలు మీద కుంచెతో నల్లగీత వేసేది సిరా. పని పేరే ఆమె పేరైపోయింది. రంగులేసే ఆవిడ అందరికీ రంగులక్క. ఇక బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర తెల్లటి బుడగలుంటాయే, వాటి అంచు గీసి లోపల మాటలు రాసేవాడు బుడగలాయన. ఊళ్ళో అందరూ కంప్యూటర్లో అక్షరాలు కొట్టేసుకుంటున్నా మాస్టారికి అవి గిట్టవు. "అచ్చక్షరానికి గొంతుండదయ్యా" అంటారు. అందుకని బుడగలాయన ఇంకా కలం పట్టుకునే ఉన్నాడు.

బుడగల్లో రెండు రకాలు. నున్నటి అంచుతో గుండ్రంగా ఉండి చిన్న తోక నోటి దాకా వస్తే అది పైకన్న మాట. అంచు మబ్బుతునకలా ఉబ్బి, తోకకి బదులు చిన్న చిన్న సున్నాలు తల దాకా వెళితే అది మనసులో మాట. దాన్ని ఆఫీసులో 'మేఘం' అంటారు. ఆ పుస్తకంలో ఎప్పట్నుంచో ఒక ఆనవాయితీ ఉంది. హీరో వెనకనుంచి వచ్చి హీరోయిన్ మణికట్టు పట్టుకుంటాడు. ఆమె నోటి బుడగలో "వదులు" అని సన్నకలంతో రాయాలి. పక్కనే ఆమె తలమీద మేఘంలో "వదలకు" అని లావుకలంతో రాయాలి. చదివేవాళ్ళు మేఘం చూసి ముసిముసిగా నవ్వుకుంటారు, పేజీ తిప్పుతారు. బుడగలాయన ఆ రెండు మాటలూ తల ఎత్తకుండా రాసేవాడు. ఒక మాట రాశాక చెయ్యి తనంతట తనే రెండో కలం మీదికి పోయేది.

సిరా బల్లా అతని బల్లా కిటికీ కింద పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒకటే దీపం. సిరా వేసిన పేజీ తడి ఆరాక అతని బల్లమీదికి జరిపేది. జరిపేముందు ఖాళీ బుడగల్లో పెన్సిలుతో ఏదో ఒకటి గిలికేది. వెన్నెల్లో గుర్రం దిగుతున్న హీరో నోటి దగ్గర "గ్యాసు కట్టేశానా?" అని ఉండేది. కన్నీళ్లు పెట్టుకున్న హీరోయిన్ దగ్గర "ఉల్లిపాయలు ఎవరు తరిగారు?" అని ఉండేది. బుడగలాయన కిసుక్కున నవ్వి, రబ్బరుతో చెరిపేసి, అసలు మాటలు రాసుకునేవాడు. ఈ నవ్వుల్లోనే ఎక్కడో అతని మనసు జారింది. జారితే జారింది, అడిగాడు. అడగడం తప్పేమీ కాదు. ఆమె వద్దంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

ఊరుకోనివ్వనిది ఎవరు? రంగులక్క. ఆవిడకి చెవులు పాము చెవులు.

"ఏమయ్యోయ్, ముఖం అలా వేలాడేశావేం?" అంది, సిరా మెట్లు దిగి వెళ్ళగానే. "మొదటిసారి అడగ్గానే ఊ అనేస్తే ఆడదాని పరువేం కాను? మన పుస్తకంలో ఇన్నేళ్ళలో ఒక్కతైనా మొదటి పేజీలో ఊ అందా చెప్పు?"

"పుస్తకం వేరు కదక్కా."

"ఏం వేరు? రాసేది నువ్వేగా. నీకు తెలీదూ?"

రంగులక్క చెడ్డది కాదు. ఆవిడ ఏ ఇంట్లో కాఫీ తాగినా లేచేలోపు ఆ ఇంట్లో ఒక పెళ్ళి కుదిర్చేయాలనుకుంటుంది, అంతే. కానీ ఆ మాట బుడగలాయన చెవిలో జోరీగలా తిరిగింది. ఆదివారమంతా తిరిగింది. సోమవారం సాయంత్రం వాన పట్టుకుంది.

అతని ఇల్లు ఆఫీసుకి ఇటు, ఆమె ఇల్లు అటు. అయినా గొడుగు తీసుకుని ఆమె బస్సు దిగే చోటికి ముందుగా వెళ్ళి నిలబడ్డాడు. సరిగ్గా కిందటివారం సంచికలో హీరో నిలబడ్డట్టు. సిరా బస్సు దిగింది. అతన్ని చూసి ఒక్క క్షణం ఆగిపోయింది.

"మీరిక్కడ?"

"వాన కదా అని. రండి, ఇంటిదాకా దిగబెడతాను."

"నాకు గొడుగుంది."

అని చేతిసంచిలోంచి గొడుగు తియ్యకుండానే, సంచీని గుండెలకి అదుముకుని వానలోకి నడిచింది. పుస్తకంలో హీరోయిన్ కూడా అలాగే నడిచింది. నడిచి ఆగింది. తలమీద మేఘంలో "పిలువు, ఇంకొక్కసారి పిలువు" అని ఉంది. ఆ మేఘం బుడగలాయన చేతిరాతే. అందుకని పిలిచాడు.

"సిరాగారూ!"

ఆమె నడక పెంచింది. మళ్ళీ పిలిచాడు. ఈసారి పరుగెత్తింది. నీళ్ళగుంట చూసుకోకుండా కాలేసింది, చీలమండ దాకా తడిసింది, వెనక్కి చూడలేదు. బుడగలాయన గొడుగు కింద చిరునవ్వుతో అలాగే నిలబడ్డాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత సిగ్గుతో చచ్చిపోయేవాడు.

మర్నాడు వచ్చేసరికి కిటికీ కింద ఒకటే బల్ల ఉంది.

సిరా బల్ల కాగితాల బీరువా పక్కకి, అవతలి గోడకి వెళ్ళిపోయింది. అక్కడ పగలు కూడా చీకటే. దీపం బుడగలాయన దగ్గరే ఉండిపోయింది. ఆమె ఇంటినుంచి పాత టేబుల్ లైటు తెచ్చి, విరిగిన మెడకి దారం కట్టి పెట్టుకుంది.

"ఏమ్మా, అక్కడికెందుకు?" అన్నారు మాస్టారు.

"ఇక్కడ గాలి బాగుందండీ" అంది. ఆ మూలకి కిటికీ లేదు, పంకా లేదు. మాస్టారు కళ్ళజోడు మీదనుంచి చూసి, ఏదీ అడక్కుండా పెన్సిలు చెక్కుకున్నారు.

పేజీలు ఇప్పుడు ఆమె చేతినుంచి రావడంలేదు. రంగులక్క చేతికిచ్చి పంపిస్తోంది. బుడగలాయన మొదటి పేజీ అందుకుని ఆత్రంగా చూశాడు. బుడగలన్నీ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. రెండో పేజీ కూడా అంతే. ఆ రోజంతా రబ్బరుకి పనిలేకపోయింది.

మధ్యాహ్నం రంగులక్క గొంతు తగ్గించి చెప్పింది. "కింది అంతస్తులో పాఠ్యపుస్తకాల వాళ్ళున్నారు చూడు, వాళ్ళు ఎప్పట్నుంచో పిలుస్తున్నారట. ఇవాళ పొద్దున వెళ్ళి మాట్లాడొచ్చింది. పుస్తకాల్లో కప్ప గుండెకాయా, చింపాంజీ పుర్రే గీసుకుంటుందట. దానికేం ఖర్మ?" అని, ఆగి, అనుమానంగా చూసింది. "నువ్వేమైనా చేశావా?"

బుడగలాయన పేజీ మీదికి వంగిపోయాడు. ఆమె గీత అంటే ఏమిటో అతనికి తెలుసు. చీరకొంగు ఒక్కటి ఎగరడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుంచె పట్టుకుని కూర్చుని, అది సరిగ్గా ఎగిరినప్పుడు తనలో తనే "అబ్బ!" అనుకునే మనిషి. ఆ మనిషి ఇప్పుడు కప్ప గుండెకాయలకి వెళ్ళిపోతోంది. ఎందుకో పైకి ఎవరికీ చెప్పలేదు. తననీ ఏమీ అనలేదు. అన్నా బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క ముందుగదిలో ఎవరో పెద్దావిడకి జాకెట్టు కొలతలు తీసుకుంటోంది. బుడగలాయన అక్క బట్టలు కుడుతుంది. అక్కాతమ్ముళ్ళిద్దరే ఆ ఇంట్లో. అతను గుమ్మంలో ఆగి, లోపలికి రాకుండా అటు తిరిగి నిలబడ్డాడు. వెనకనుంచి అక్క గొంతు వినిపిస్తోంది: "చెయ్యి ఎత్తండమ్మా... ఇక్కడ టేపు తిప్పనా?... చంక దగ్గర కాస్త బిగించి చూస్తాను, చూడనా?" ప్రతిదానికీ అడుగుతోంది. ఎప్పుడూ అలాగే అడుగుతుంది. అతనెప్పుడూ పట్టించుకోలేదు.

పెద్దావిడ వెళ్ళాక అక్క తమ్ముడి ముఖం చూసింది, అంతే, మొత్తం కక్కించేసింది. సినిమా, వద్దనడం, గొడుగు, వాన, బల్ల. నోట్లో గుండుసూదులు పెట్టుకుని వింది. అన్నీ విని సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"దాని సంచిలో గొడుగుందా?"

"ఉందంది."

"ఉన్నా తియ్యలేదు?"

"తియ్యలేదు."

"గొడుగు తీసి విప్పేంతసేపు కూడా నీ దగ్గర నిలబడబుద్ధి కాలేదన్నమాట. నీకన్నా వాన నయమనుకుందిరా."

బుడగలాయన బిక్కచచ్చిపోయాడు. "నేనేం చేశానక్కా? చెయ్యి కూడా పట్టుకోలేదు. నవ్వుతూ నిలబడ్డానంతే" అన్నాడు.

"నువ్వు ఎవరివో నాకు తెలుసు కాబట్టి నాకు నవ్వే కనిపిస్తుంది. చీకటిపడేవేళ, వద్దన్న మనిషి ఇంటిదారిలో నిలబడితే దానికేం కనిపిస్తుంది?" అక్క గొంతులో కోపం లేదు. తమ్ముడి తల నిమిరినట్టే మాట్లాడుతోంది. "మీ పుస్తకం నేనూ చదువుతాను, నవ్వుకుంటాను. ఆ పిల్ల మనసులో ఏముందో పైనే రాసి ఉంటుంది కదా, ఇంక భయమేముంది? కానీ రాసేది నువ్వేరా. ఆ పిల్ల కాదు."

ఆ రాత్రి అన్నం సహించలేదు. కంచంలో చెయ్యి కడుక్కుంటుంటే అక్క మంచినీళ్ళ గ్లాసు అతని దగ్గరికి జరిపింది.

క్షమాపణ చెప్పాలనుకున్నాడు. కానీ ఎలా? వెళ్ళి ఆమె బల్ల దగ్గర నిలబడితే అదీ నిలబడడమే అవుతుంది. బుధవారమంతా ఆ మూల వైపు చూడకుండా తల వంచుకుని పనిచేశాడు. గురువారం మాస్టారు చప్పట్లు కొట్టి, "రండి రండి, చేతులు కావాలి" అన్నారు.

మాస్టారు ఏదైనా ఊహించి గీయగలరు, చేతులు తప్ప. చేతులు మాత్రం చూసే గీయాలి. అందుకని ఆ పుస్తకంలో హీరోయిన్లందరికీ సిరా చేతులే, హీరోలందరికీ బుడగలాయన చేతులే. ఇద్దరూ నిలబడితే మాస్టారు ఫోనులో ఫోటో తీసుకుని బొమ్మ గీసుకుంటారు. ఇన్నేళ్ళలో బుడగలాయన ఆమె మణికట్టు ఎన్నిసార్లు పట్టుకున్నాడో లెక్కే లేదు. అప్పుడంతా నవ్వులాటే. "అబ్బో, గట్టిగా పట్టుకోండి హీరోగారూ, జారిపోతున్నాను" అనేది సిరా. ఆమె చెయ్యి తడిబట్టలా వదులుగా వేలాడేది. మాస్టారు విసుక్కునేవారు.

"మాస్టారూ, ఇవాళ పాత ఫోటో వాడుకుంటే?" అన్నాడు బుడగలాయన.

"పాతదెలా సరిపోతుందయ్యా? ఇది కథ ముగింపు. స్టేషన్లో రైలు కదులుతోంది, ఆమె ఎక్కబోతోంది, వీడు వచ్చి పట్టుకుంటాడు. రామ్మా."

సిరా వచ్చింది. కొంగుకి చేతులు తుడుచుకుని, "పనే కదా, కానివ్వండి" అంది. గోడ వైపు చూస్తూ చెయ్యి ముందుకి చాపింది.

"పట్టుకోనా?" అని అడిగాడు బుడగలాయన. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"పట్టుకోండి."

పట్టుకున్నాడు. పట్టుకున్న మరుక్షణం ఆ చేతిలో ఏం జరిగిందో అతని వేళ్ళకి తెలిసింది. నరాలు తాళ్ళలా లేచాయి. బొటనవేలు లోపలికి ముడుచుకుంది, దానిమీద మిగతా నాలుగు వేళ్ళూ బిగుసుకున్నాయి. చెయ్యి లాక్కోలేదు. ఒప్పుకుంది కాబట్టి అక్కడే ఉంది. కానీ పిడికిలైపోయింది. ఆమెకే తెలియకుండా అయిపోయింది.

"ఆహా!" అన్నారు మాస్టారు, ఫోను క్లిక్కుమనిపించి. "ఇదమ్మా కావాల్సింది! ఇన్నాళ్ళూ ఏమైంది నీకు? అలాగే ఉండు. నువ్వింకాస్త బిగించవయ్యా!"

బుడగలాయన వదిలేశాడు.

"నావల్ల కాదు మాస్టారూ."

"ఇంకొక్కటయ్యా..."

"నావల్ల కాదండీ" అన్నాడు మళ్ళీ. మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "సరే, ఒకటి వచ్చిందిగా" అని గొణుక్కుంటూ తన బల్లకి వెళ్ళిపోయారు. రంగులక్క నోట్లో కుంచె పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

సిరా మణికట్టు రెండో చేత్తో రుద్దుకుంటోంది. బుడగలాయన ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"సోమవారం నేను అక్కడికి రాకుండా ఉండాల్సిందండీ."

"అవును."

"గొడుగుందన్నారు. విన్నాను."

"విన్నారు. మళ్ళీ పిలిచారు." ఆమె ఇప్పుడు అతని ముఖంలోకే చూస్తోంది. "శనివారం కూడా చెప్పాను. చెప్పాక కూడా మీరు వస్తే, ఇంక నేనేం చెయ్యాలి? ఇంకే మాట వాడాలి?"

"మీరు చెప్పింది సరిగ్గానే చెప్పారు. నేనే మీ తలమీద ఒక మేఘం వేసుకున్నాను."

సిరా పెదవి చివర ఏదో కదిలింది కానీ అది నవ్వు కాలేదు. తన మూలకి వెళ్ళిపోయింది.

ఆ ఫోటో చూసి మాస్టారు గీసిన పేజీ శుక్రవారం మధ్యాహ్నానికి సిరా చేతిమీదుగా తయారై, రంగులక్క చేతిమీదుగా బుడగలాయన బల్లమీదికి వచ్చింది. రైలు పొగ, పరుగెత్తే జనం, ఎగిరే కొంగు, అన్నీ ఉన్నాయి. కానీ చూసినవాళ్ళ కన్ను నేరుగా ఆ చేతిమీదికే పోతుంది. మామూలుగా ఇలాంటి చోట సిరా గీత మెత్తబరిచేది; పెన్సిల్లో వేళ్ళు బిగిసి ఉంటే కుంచెతో కాస్త విప్పేది. అదీ ఆనవాయితీయే. ఈసారి విప్పలేదు. లోపలికి దాక్కున్న బొటనవేలు, పైకి తేలిన నరాలు, తెల్లబడ్డ కణుపులు, ఉన్నదున్నట్టు దింపేసింది.

నోటి దగ్గర బుడగ. తలమీద మాస్టారు పెన్సిలుతో వేసిన పెద్ద మేఘం. రెండూ ఖాళీ. వాటిలో ఏం రాయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

బుడగలాయన సన్నకలం తీశాడు, పక్కన పెట్టేశాడు. లావుకలం సిరాలో ముంచి నోటి బుడగలో "వదులు" అని రాశాడు. నిలువుగా, గట్టిగా, గదికి ఆ చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేట్టు. అలవాటుగా చెయ్యి మేఘం మీదికి పోయింది. అక్కడ ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత కలం కింద పెట్టి రబ్బరు తీసుకున్నాడు. మంగళవారం నుంచి దానికి పనిలేదు. మేఘం మొత్తం చెరిపేసి, పొట్టు ఊదేసి, పేజీ తీసుకెళ్ళి మాస్టారి ముందు పెట్టాడు.

"మేఘం ఏదయ్యా?"

"చెరిపేశానండీ."

"నీకేమైనా మతిపోయిందా? మేఘం లేకపోతే ఆ పిల్ల నిజంగానే వదలమంటోందనుకుంటారు చదివేవాళ్ళు!"

"నిజంగానే అంటోంది కదండీ. ఆ చెయ్యి చూడండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. పేజీ చూశారు. ఫోను తీసి ఫోటో చూశారు. రంగులక్క లేచొచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూసింది.

"అయ్యో, మేఘం లేకపోతే వీడెవడో సంచి లాక్కుపోయే దొంగలా ఉన్నాడు మాస్టారూ!" అంది. అన్నాక తనే ఉలిక్కిపడి నోటిమీద చెయ్యి వేసుకుంది. బుడగలాయన్ని చూసింది, మూలకి చూసింది. ఆవిడ ముఖం మెల్లగా మాడిపోయింది.

"చెయ్యి బాగా కుదిరిందనుకున్నాను" అన్నారు మాస్టారు చిన్నగొంతుతో. "కుదిరింది కూడా. ఈ చేతికి ఆ మేఘం అతకదు, నిజమే." వేళ్ళతో బల్లమీద తాళం వేశారు. "సరేనయ్యా. ఇప్పుడు వీడేం చెయ్యాలి? తర్వాత గడిలో ఇద్దరూ కౌగిలించుకోవాలి కదా!"

"వదిలేస్తాడండీ."

"వదిలేస్తే ఇంక కథేముంది?"

మూలనుంచి సిరా గొంతు వినిపించింది. తల ఎత్తలేదు, కుంచె ఆపలేదు.

"వదిలేశాకే కదండీ, ఆ అమ్మాయికేం కావాలో తెలిసేది."

మాస్టారు పెన్సిలు చెవి వెనకనుంచి తీసి, కొత్త కాగితం ముందుకి లాక్కున్నారు. కాసేపు నానా తిట్లూ తిట్టుకుని గీయడం మొదలుపెట్టారు.

శనివారం బుడగలాయన తాళం తియ్యడానికి వచ్చేసరికి సిరా అప్పటికే మెట్లమీద ఉంది. అతను తలుపు తీసి, పక్కకి తప్పుకుని ఆమెని ముందు వెళ్ళనిచ్చాడు. ఆమె లోపలికి వెళ్ళి, చేతిసంచి తగిలించి, వెనక్కి తిరిగింది.

"నిన్న మీరు మేఘం చెరిపారని నా జవాబు మారలేదు. ముందే చెబుతున్నాను."

"మారుతుందని చెరపలేదండీ."

"ఎప్పటికైనా మారుతుందని ఎదురుచూడకండి."

బుడగలాయన గుండె కలుక్కుమంది. కలుక్కుమనలేదని అబద్ధమాడి లాభం లేదు. కానీ ఆ మాట పక్కన ఈసారి ఇంకేమీ వెతుక్కోలేదు.

"ఎదురుచూడను."

సిరా అతన్ని కాసేపు చూసింది. తర్వాత బీరువా పక్కకి వెళ్ళి, బల్లమీది కుంచెల డబ్బా తీసి కింద పెట్టింది, సిరాసీసాలు తీసి కింద పెట్టింది.

"కిందివాళ్ళకి రానని చెప్పేశాను. కప్పలంటే నాకు అసహ్యం." బల్ల ఒక అంచు పట్టుకుని లేపి చూసింది. "మొన్న ఒక్కదాన్నే ఈడ్చాను, నడుం పట్టేసింది. ఆ పక్క పట్టుకుంటారా?"

బుడగలాయన వెళ్ళి పట్టుకున్నాడు. ఇద్దరూ ఎత్తారు. ఆమె ముందు, అతను వెనక. రంగులక్క కుర్చీ చుట్టూ తిప్పి, మాస్టారి చెత్తబుట్ట దాటించి, కిటికీ కిందికి తెచ్చారు.

"ఇక్కడా?"

"కొంచెం ఇటు... ఆ, చాలు."

పాత చోటికన్నా జానెడు ఎడంగా ఆపించింది. బుడగలాయన సరిగ్గా అక్కడే దించాడు. దీపం తీగ అంతదూరం అందుతుందో లేదోనని లాగి చూశాడు. అందింది. రెండు బల్లల నడుమ పెట్టి, మెడ ఆమె వైపు కొద్దిగా వంచి, వచ్చి తన చోట కూర్చున్నాడు.

పదకొండు దాటాక ఒక పేజీ జరిగి అతని మోచేతి దగ్గరికి వచ్చింది. మాస్టారు కొత్తగా గీసినది. రైలు మెట్టుమీద హీరోయిన్, తన మణికట్టు తను పట్టుకుని. కింద ప్లాట్‌ఫారం మీద హీరో, వదిలేసిన చేతులు రెండూ వేలాడేసుకుని దిక్కులేనివాడిలా. అతని నోటి దగ్గర పెద్ద ఖాళీ బుడగ. అందులో పెన్సిలుతో సన్నగా ఉంది: "హమ్మయ్య, నా చెయ్యి కూడా తిమ్మిరెక్కింది."

బుడగలాయన కిసుక్కున నవ్వాడు. ఆపుకుందామనుకుంటే ఇంకా ఎక్కువైంది, కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"చెరిపెయ్యండి, మాస్టారు చూస్తారు" అంది సిరా, తల ఎత్తకుండా.

"చెరుపుతానండీ" అన్నాడు. రబ్బరు చేతిలోకి తీసుకుని, చెరిపేముందు ఇంకోసారి చదువుకున్నాడు.